ఎల్క్ వేటకి ఏ క్యాలిబర్? .300 మ్యాగ్నమ్ నుంచి 7ఎంఎం-08కి దిగిన ఒక కేస్

అమెరికాలోని కొలరాడోలో కొత్తగా వేట మొదలుపెట్టేవాళ్లకి రైఫిల్ కాల్చడం నేర్పుతుంటాను. ఈ మధ్య తెలుగువాళ్లు కూడా బాగానే వస్తున్నారు. ఇది వాళ్లలో ఒకరి కేసు. ఊరు, ఉద్యోగం, వేటాడిన యూనిట్ (వేట ప్రాంతం) నంబరు తీసేశాను, మనిషిని పట్టించే ఇంకొన్ని వివరాలు మార్చాను. "ఎల్క్‌కి (ఇక్కడి పెద్ద జింక) ఏ క్యాలిబర్ (తూటా సైజు) కొనాలి?" అని అడిగేవాళ్లు ముందు తేల్చుకోవాల్సింది వేరే ఉందని ఈ కేసు చూపించినంత స్పష్టంగా నాకు ఇంకేదీ చూపించలేదు. అందుకే రాస్తున్నాను.

నేపథ్యం

ఆయనకి నలభై దాటాయి. ఐదడుగుల ఐదంగుళాల ఎత్తు, బక్కపలుచని మనిషి. కోస్తాలో పెరిగారు. తుపాకీ అంటే కాలేజీలో ఎన్‌సీసీ వాళ్లు చేతికిచ్చిన .22 ఒక్కటే తెలుసు. ఇండియాలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంతో వేట ముగిసిపోయింది కాబట్టి ఇంట్లో చెప్పేవాళ్లూ లేరు. ఇక్కడ కొలీగ్ ఒకాయన ఇచ్చిన ఎల్క్ మాంసంతో వేపుడు చేసుకుని తిన్నాక, కొనుక్కునే మాంసం కన్నా ఇది నయం, మనమే తెచ్చుకుంటే పోలా అనుకున్నారట.

ఎల్క్ అంటే మన కణుజు జాతికి దగ్గరి చుట్టమే, కానీ మనిషి ఊహకి అందేదానికన్నా పెద్దది. ఎదిగిన ఆడది 225 కిలోల దాకా, మగది 320 కిలోల దాకా తూగుతుంది. అమెరికాలో అన్ని రాష్ట్రాలకన్నా ఎల్క్ ఎక్కువ ఉన్నది కొలరాడోలో. వేటాడే చోటు తొమ్మిది, పదివేల అడుగుల ఎత్తున ఉంటుంది. అక్కడ పది నిమిషాలు ఎక్కితే గుండె చెవుల్లో కొట్టుకుంటుంది. క్యాలిబర్ గురించి మాట్లాడేవాళ్లు ఈ సంగతి లెక్కలోకి తీసుకోరు.

మనవాళ్లకి పనికొచ్చే మాట ఒకటి ఇక్కడే చెప్పాలి. ఈయనకి గ్రీన్ కార్డ్ వచ్చేసింది కాబట్టి ఇబ్బంది లేదు. ఎచ్-1బి లాంటి నాన్ ఇమ్మిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్లు మామూలుగా అయితే తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడమే ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. చెల్లుబాటయ్యే వేట లైసెన్స్ ఉన్నవాళ్లకి అందులో మినహాయింపు ఉంది. కాల్పులు సాధన చేసే రేంజ్‌కి సరదాగా వస్తామని ఎవరైనా అడిగితే నేను ముందు అడిగేది వీసా సంగతే. కొలరాడోలో ఇంకో షరతు కూడా ఉంది: 1949 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లు హంటర్ ఎడ్యుకేషన్ కార్డు లేనిదే లైసెన్స్ కొనలేరు. ఈయన కోర్సు పూర్తిచేసుకునే వచ్చారు.

వచ్చిన సమస్య

నా దగ్గరికి వచ్చేసరికే చేతిలో .300 వించెస్టర్ మ్యాగ్నమ్ ఉంది. కొండలెక్కడానికి తేలిగ్గా ఉంటుందని కొన్న రైఫిల్. స్కోప్‌తో (గురి చూసే దుర్బిణి) కలిపి ఏడున్నర పౌండ్లు. ఎల్క్ పెద్ద జంతువు కాబట్టి పెద్ద తూటా కావాలని ఒకరు, "నాలుగొందల గజాల్లో కనబడితే వదిలేస్తావా?" అని ఇంకొకరు చెప్పారు. కుడి కనుబొమ్మ మీద నెలవంకలాగా చిన్న గాయం ఎండుతోంది. అది చూస్తే సగం కథ తెలిసిపోయింది. రైఫిల్ వెనక్కి తన్నినప్పుడు స్కోప్ అంచు కోసిన గాటు అది.

"అన్నా, స్కోప్ ఏమన్నా లూజైందేమో చూస్తారా? తూటాలు ఒక్కచోట పడట్లేదు," అన్నారు. నూరు గజాల్లో ఆయన టార్గెట్ మీద రంధ్రాలు ఏడంగుళాల మేర చెల్లాచెదురుగా ఉన్నాయి. అదే రైఫిల్, అవే తూటాలు నేను కాలిస్తే అంగుళంన్నరలో పడ్డాయి. స్కోప్‌కి ఏమీ కాలేదు. ఆ మాట వెంటనే చెప్పలేదు. "రైఫిల్ బాగుంది, నువ్వే బాలేవు" అన్నట్టు వినపడితే మనిషి మొండికేస్తాడు. తనకి తానుగా కనబడాలి.

దానికి పాత పద్ధతే ఉంది. రైఫిల్ లోడ్ చేసి ఆయన చేతికిచ్చేది నేను. కొన్నిసార్లు అసలు తూటా, కొన్నిసార్లు డమ్మీ, అంటే పేలని తూటా. లోపల ఏముందో ఆయనకి తెలీదు. పక్కన ఫోన్ పెట్టి స్లో మోషన్‌లో వీడియో తీశాం. డమ్మీ వచ్చినప్పుడు టక్కుమని చిన్న శబ్దం తప్ప ఏమీ కాకూడదు. కానీ వీడియోలో ఆ టక్కు కన్నా ముందే కళ్లు గట్టిగా మూసుకుపోతున్నాయి, దవడ బిగుసుకుంటోంది, కుడి భుజం ముందుకొస్తోంది, బ్యారెల్ కొస వేలెడు కిందికి దిగుతోంది. ఆయన ఆ వీడియో మళ్లీ వేసుకుని చూశారు. "పేలకముందే నేనే దీన్ని తోసేస్తున్నాను కదండీ," అన్నారు.

దీన్ని ఇక్కడ ఫ్లించ్ అంటారు. ధైర్యం లేకపోవడం కాదు. భుజానికి, చెవికి దెబ్బ తగులుతుందని ఒళ్లు నేర్చేసుకుంటుంది, అంతే. నేర్చుకున్నది కాబట్టి మాన్పించొచ్చు. కానీ దెబ్బ తగులుతున్నంతకాలం మాన్పించలేం.

ఆ దెబ్బ ఎంతో చూద్దాం. ఎనిమిది పౌండ్ల రైఫిల్‌లో 7ఎంఎం-08 వెనక్కి తన్నే శక్తి సుమారు 12, 13 ఫుట్-పౌండ్లు. .270 వించెస్టర్, .308 వించెస్టర్ 17 దగ్గర, .30-06 స్ప్రింగ్‌ఫీల్డ్ 20 దగ్గర ఉంటాయి. .300 మ్యాగ్నమ్ 180 గ్రెయిన్ల బుల్లెట్‌తో (తూటా కొస నుంచి ఎగిరిపోయే ముక్క బుల్లెట్, గ్రెయిన్ దాని బరువు కొలత) 25 దాటుతుంది, ఈయన తేలిక రైఫిల్‌లో 30 దగ్గరికి పోతుంది. పైగా ఈయన పల్చటి టీ-షర్టుతో బెంచి మీదకి వంగి కాలుస్తున్నారు. నిలబడి కాలిస్తే ఒళ్లు వెనక్కి ఊగి కొంత దెబ్బ మింగేస్తుంది. బెంచి దగ్గర ఆ వీలు లేదు.

చేసి చూసినవి, కుదరనివి

రైఫిల్ మార్చమని మొదటిరోజే చెప్పొచ్చు. చెప్పలేదు. డబ్బు పెట్టి కొన్నారు, మనసు పడ్డారు, సీజన్‌కి ఇంకా టైముంది. తక్కువ ఖర్చులో, వద్దనుకుంటే వెనక్కి తీసుకోగలిగే మార్పులతో మొదలుపెట్టడం న్యాయం.

మొదట స్టాక్ (రైఫిల్‌ని భుజానికి ఆన్చే భాగం) మీద తొడిగే రబ్బరు ప్యాడ్. దెబ్బ కొంచెం మెత్తబడింది. కానీ ప్యాడ్ మందం వల్ల స్టాక్ పొడవు ఇంచుమించు అంగుళం పెరిగింది. అసలే ఆ స్టాక్ ఆరడుగుల మనిషికి కొలత. ఈయన మెడ చాచాల్సొచ్చింది. కన్ను స్కోప్‌కి దూరమై చుట్టూ నల్లటి వలయం కనబడుతోంది. అది పోవాలని తల ముందుకి పెడుతున్నారు, అంటే కనుబొమ్మకి మళ్లీ గాటు పడే చోటికే. రెండో రేంజ్ రోజుకి తీసేశాం.

తర్వాత మజిల్ బ్రేక్, అంటే తన్ను తగ్గించడానికి బ్యారెల్ కొసకి బిగించే ముక్క. బ్యారెల్ కొసకి మర అప్పటికే ఉంది కాబట్టి బిగించడం తేలిక. తన్ను నిజంగానే బాగా తగ్గింది. భుజం మటుకే సమస్య అయితే అక్కడితో అయిపోయేది. కానీ బ్రేక్ గాలిని పక్కలకి, వెనక్కి మళ్లిస్తుంది. ఆ శబ్దానికి పక్క బెంచీవాళ్లు సామాన్లు సర్దుకుని అవతలికి జరిగారు. డమ్మీ పరీక్ష మళ్లీ పెడితే భుజం కదలడం తగ్గింది గానీ కళ్లు ఇంకా ముందే మూసుకుంటున్నాయి. అడవిలో ఎల్క్ కనబడ్డ కంగారులో చెవులకి మఫ్‌లు పెట్టుకోవడం గుర్తుంటుందా అన్నది వేరే ప్రశ్న. బ్రేక్ ఉన్న మ్యాగ్నమ్‌ని చెవులకి ఏమీ లేకుండా ఒక్కసారి కాల్చినా వినికిడికి చేటే. పక్కనున్నవాడికి ఇంకా చేటు.

మూడోది తక్కువ మందు పెట్టిన తూటాలు. ఇది ఆయన ఆలోచనే, నేను కాదనలేదు గానీ నా లెక్క ముందే చెప్పాను. అలాంటి వాటిలో సాధారణంగా తేలికైన, మెత్తని బుల్లెట్ పెడతారు. జింకలకి సరిపోతుంది. ఎల్క్ పక్కటెముక దాటి రెండు ఊపిరితిత్తుల్లోంచి పోవాలంటే నాకు దాని మీద నమ్మకం లేదు. ఇంకోటి, .300 శక్తిని .308 స్థాయికి దించి వాడితే ఇక .300 మోసుకెళ్లడం ఎందుకు?

అప్పటికి ఆయనే అడిగారు: "మరి చిన్నది తీసుకుంటే ఎల్క్ పడుతుందా?"

బుల్లెట్ ముందు, క్యాలిబర్ తర్వాత

ఈ ప్రశ్న దగ్గర చాలాసేపు కూర్చున్నాం.

ఎల్క్‌ని పడగొట్టేది దెబ్బ బరువు కాదు. గుండె, ఊపిరితిత్తుల గుండా పోయిన రంధ్రం, దానివల్ల పోయే రక్తం. బుల్లెట్ వెడల్పవ్వాలి, కానీ ముక్కలైపోకుండా లోపలికి పోవాలి. ఈ రెండూ ఒకదానికొకటి ఎదురు తిరిగే పనులు. వాటిని కుదిర్చేది బుల్లెట్ తయారీ. పెట్టె మీద పెద్దక్షరాల్లో ఉండే క్యాలిబర్ పేరు అందులో చేసేది తక్కువ. బుల్లెట్ల కంపెనీ పెట్టిన జాన్ నోస్లర్ కథ ఆయనకి చెప్పాను. 1946లో కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో నోస్లర్ .300 హెచ్ అండ్ హెచ్ మ్యాగ్నమ్ అనే పాత మ్యాగ్నమ్‌తో మూస్‌ని (ఎల్క్ కన్నా పెద్ద జింక) కాల్చాడు. బుల్లెట్లు లోతుకి పోకుండా పైపైనే చిట్లిపోయాయి. ఆ విసుగులోంచి వచ్చిందే మధ్యలో అడ్డుగోడ ఉండే పార్టిషన్ బుల్లెట్. 1948 నుంచి అమ్మకంలో ఉంది. అంటే ఆయన తక్కువ పడిందనుకున్నది క్యాలిబర్ కాదు, బుల్లెట్.

చట్టం ఏమంటోందో కూడా చూశాం. కొలరాడోలో ఎల్క్‌కి కనీసం .24 క్యాలిబర్, కనీసం 85 గ్రెయిన్ల బరువున్న వెడల్పయ్యే బుల్లెట్, నూరు గజాల దగ్గర 1,000 ఫుట్-పౌండ్ల శక్తి ఉండాలి. .243 వించెస్టర్ కూడా ఈ గీత దాటుతుంది. కానీ చట్టం ఒప్పుకున్నదల్లా కొత్తవాడికి పనికొస్తుందని కాదు. కొంచెం పక్కకి పడినా, ఎముక అడ్డొచ్చినా పని జరిగేంత వెసులుబాటు కావాలి. .243ని అక్కడే పక్కన పెట్టాం.

మిగిలినవి 6.5 క్రీడ్‌మూర్, 7ఎంఎం-08, .308, .270. నిజం చెప్పాలంటే ఈ నాలుగూ గట్టి బుల్లెట్‌తో 250 గజాల లోపు ఎల్క్ దగ్గర చేసే పనిలో తేడా నేను చూపించలేను. చూపిస్తానని ఎవరైనా అంటే అనుమానించండి. .270 కిక్ మనకి కావలసినదానికన్నా కాస్త ఎక్కువ. .308 తూటాలు ఏ ఊళ్లో అయినా దొరుకుతాయి, అది పెద్ద సుఖం. ఆ ఒక్క కారణానికి దాని వైపు మొగ్గాను కూడా. క్రీడ్‌మూర్ తన్ను తక్కువ, తూటాలూ దొరుకుతాయి. కానీ చాలామంది దాంట్లో వాడేది దూరం కోసం చేసిన మెత్తని పొడుగు బుల్లెట్. దగ్గర్లో ఎముకకి తగిలితే చిట్లుతుందేమోనని నాకు బెంగ. గట్టి బుల్లెట్ ఎంచుకుంటే ఆ బెంగ అక్కర్లేదు, అది వేరే సంగతి.

చివరికి 7ఎంఎం-08 వైపు తూగడానికి కారణం ఏ గ్రాఫూ కాదు. మా బృందంలో ఒకావిడ దగ్గర కురచ స్టాక్ ఉన్న 7ఎంఎం-08 ఉంది, ఆ వేసవంతా వాడుకోమన్నారు. ఆయన భుజానికి ఎత్తుకున్నారు. మెడ చాచకుండా, తల వంచకుండా కన్ను నేరుగా స్కోప్ మధ్యలోకి వచ్చింది. ఒంటికి అమరిన రైఫిల్‌లో ఉన్న క్యాలిబరే మంచి క్యాలిబర్ అని నా లెక్క. వాడింది 140 గ్రెయిన్ల బాండెడ్ బుల్లెట్, అంటే సీసం మీద రాగి తొడుగు విడిపోకుండా అతికించినది. నూరు గజాల దగ్గర దాని శక్తి చట్టం అడిగినదానికి ఇంచుమించు రెట్టింపు.

ఆయనకి ఒక భయం ఉండిపోయింది: స్నేహితులు నవ్వుతారేమో అని. దీనికి నా దగ్గర మందు లేదు.

పనిచేసినది

రైఫిల్ మారగానే ఫ్లించ్ పోలేదు. ఇది చాలామంది అనుకోని విషయం. ఒళ్లు నేర్చుకున్న పాఠం రైఫిల్ మారిందని మర్చిపోదు. మొదటిరోజు 7ఎంఎం-08తోనూ డమ్మీ పడగానే కళ్లు మూశారు.

కాబట్టి నెలరోజుల పాటు పెద్ద రైఫిల్ ముట్టుకోనివ్వలేదు. .22తోనే. ఇంట్లో తూటాలు వేరే గదిలో తాళం వేసి, ఛాంబర్ (తూటా కూర్చునే చోటు) ఖాళీయేనని రెండుసార్లు చూసుకుని, గోడ మీద చుక్కకి గురిపెట్టి ఖాళీ రైఫిల్ ట్రిగ్గర్ నొక్కడం రోజూ కాసేపు. టక్కుమన్న క్షణంలో అడ్డగీత ఎక్కడుందో పైకి చెప్పాలి. చెప్పలేకపోతే కళ్లు మూసుకున్నట్టే. తర్వాత రేంజ్‌లో .22తో మొదలుపెట్టి, మధ్యలో 7ఎంఎం-08తో కొన్నే కొన్ని తూటాలు, మళ్లీ .22తో ముగింపు. చెవులకి లోపల ప్లగ్, పైన మఫ్. పెద్ద రైఫిల్‌తో ఇంకో పెట్టె కాల్చాలని ఎంత ముచ్చటపడ్డా ఆపేశాను. అలసిపోయిన భుజం పాత అలవాటుకే పోతుంది.

బెంచి నుంచి లేపేశాక అసలు పరీక్ష మొదలైంది. పార్టీల్లో వాడే తొమ్మిదంగుళాల పేపర్ ప్లేట్ టార్గెట్. ఎల్క్‌లో గుండె, ఊపిరితిత్తులు ఉన్న మేర అంతకన్నా పెద్దదే, కానీ అడవిలో చేయి వణుకుతుంది కాబట్టి కొలత చిన్నది పెట్టుకోవాలి. గట్టెక్కి దిగి, ఆయాసం తీరకముందే నేల మీద కూర్చుని, స్టిక్స్ (రైఫిల్‌కి ఊతమిచ్చే కర్రలు) మీద ఆన్చి కాల్చాలి. ఒక్కటి కూడా ప్లేట్ దాటకుండా పడ్డంత దూరమే ఆయన హద్దు. కూర్చుని 225 గజాలు వచ్చింది. నిలబడి స్టిక్స్‌తో అందులో సగం కూడా రాలేదు. 300 గజాల్లో కూడా ఈ బుల్లెట్‌కి వెడల్పయ్యేంత వేగం ఉంటుంది, రైఫిల్‌కి ఏ ఇబ్బందీ లేదు. హద్దు మనిషిది. రైఫిల్‌ని 200 గజాలకి జీరో చేశాం (అంటే ఆ దూరంలో గురిపెట్టిన చోటే పడేలా స్కోప్ సర్దాం), 250 దగ్గర కిందికి జారేది మూడంగుళాలే కాబట్టి మనసులో లెక్కలేమీ పెట్టుకోనక్కర్లేదు.

ఆ శరత్కాలం మగ ఎల్క్ లైసెన్స్‌తో వెళ్లారు. ఆఖరిరోజు లోయకి అవతలి గట్టు మీద ఒక మగది నిలబడింది. రేంజ్‌ఫైండర్ 420 గజాలు చూపించింది. వెంట వచ్చిన స్నేహితుడు "నీ .300 తెచ్చుంటే..." అన్నాడట. ఆయన కాల్చలేదు. అది .300 అయినా ఆయనకి 420 గజాలే, కాల్చేది ఆయనే. తిరిగొచ్చి నాకు చెప్పినప్పుడు కొంచెం చిన్నబుచ్చుకున్నట్టే ఉన్నారు.

మరుసటి ఏడు డ్రాలో, అంటే లైసెన్సుల లాటరీలో, ఆడ ఎల్క్ లైసెన్స్ వచ్చింది. ఈలోగా అదే కొలత స్టాక్‌తో సొంత 7ఎంఎం-08 కొనుక్కున్నారు. తెల్లారాక మంద ఒకటి ఆస్పెన్ చెట్లలోంచి బయటికొచ్చింది, 170 గజాలు. మొదట కనబడ్డ ఆడదాని వెనకే ఇంకోటి నిలబడి ఉంది. బుల్లెట్ దూసుకుపోతే రెండోదానికీ తగులుతుందని ఆగారు. మంద కదిలి ఒకటి విడిగా నిలబడేదాకా ట్రిగ్గర్ మీద వేలు పెట్టలేదు. మొదటి దెబ్బకి అది నాలుగడుగులు వేసి నిలబడిపోయింది. ఎల్క్ అలాగే చేస్తుంది. ప్రాణాంతకమైన దెబ్బ తిని కూడా ఏమీ కానట్టు నిలబడుతుంది. చాలామంది ఇక్కడే తగల్లేదేమోనని తికమకపడతారు. ఈయన బోల్ట్ లాగి రెండోది కూడా అక్కడే వేశారు. చెట్ల అంచు చేరకముందే పడిపోయింది.

విప్పి చూస్తే రెండూ ఊపిరితిత్తుల్లోంచే. ఒకటి అవతలికి దూసుకుపోయింది. రెండోది అవతలి పక్క తోలు కింద పుట్టగొడుగులా విచ్చుకుని దొరికింది. తూస్తే 140లో వంద గ్రెయిన్లకి పైనే మిగిలి ఉంది. అందులో నాకు నచ్చింది ఆ రెండో షాట్. .300 పట్టుకుని ఉంటే మొదటి దెబ్బ తర్వాత ఆయన కన్ను స్కోప్‌లో ఉండేది కాదు.

ఈ కేసు ఎంతవరకు చెబుతుంది

7ఎంఎం-08 .300 కన్నా గొప్పదని దీనివల్ల తేలదు. దగ్గర్లో, పక్కకి తిరిగి నిలబడ్డ ఒక ఆడ ఎల్క్ ఇది. గాలి వీచే మైదానంలో, దూరంగా, భుజం ఎముక అడ్డుగా నిలబడ్డ పెద్ద మగదానికి .300తో బాగా కాల్చగలిగినవాడు కచ్చితంగా మెరుగ్గా ఉంటాడు. నేను వాడేది .30-06, దాన్ని మార్చే ఉద్దేశం లేదు. కానీ కొత్తగా వచ్చేవాళ్లని ఇప్పుడు అడిగే వరస మారింది. ఏ జంతువు, ఎంత దూరం, ఏ బుల్లెట్, స్టాక్ ఒంటికి అమరిందా, అన్నీ అయ్యాకే తూటా పేరు. రెండు క్యాలిబర్ల మధ్య ఊగిసలాడుతుంటే రెండూ అరువు తెచ్చి డమ్మీ పరీక్ష పెడతాను. ఎక్కువ తన్నేదానితో కూడా కళ్లు తెరిచే ఉంటే అదే తీసుకోమంటాను. లేకపోతే కిందిది.

ఆయన .300 అమ్మలేదు. మంచి మగ ఎల్క్ యూనిట్ కోసం ప్రిఫరెన్స్ పాయింట్లు (డ్రాలో ముందు వరస ఇచ్చే పాయింట్లు) కూడబెడుతున్నారు, అప్పటికి దాన్ని వాడాలని ఆశ. స్టాక్ కురచ చేయించి, కొంచెం బరువు పెంచి తెమ్మన్నాను. తెచ్చాక మళ్లీ డమ్మీ పరీక్షతోనే మొదలుపెడతాం.